అక్కడే కారుతోంది

అమ్మిన రోజు వాన.
క్లెక్‌హీటన్‌లో ఏ పనికైనా అదే ముహూర్తం.

ముప్పై రెండు పౌండ్ల పది షిల్లింగులు.
కవలలు పుట్టారు, వంటింట్లో అడుగుపెడితే
తడిగుడ్డలు మొహానికి తగిలేవి.
ఆ డబ్బుతో బట్టలుతికే మెషీను కొన్నాం.
మెషీను నాలుగేళ్ళు బతికింది.
కవలలకిప్పుడు మోకాళ్ళ నొప్పులు.
బండి మాత్రం ఎక్కడో ఉంది.
నీకెలా తెలుసని అడక్కండి,
పోయుంటే తెలిసేది.

పాంథర్. ఒంటి సిలిండరు,
ఎదురుగాలిలో నడిచే మనిషిలా ముందుకు వాలి ఉండేది.
పొద్దున్నే తన్నితే తిరిగి తన్నేది.
పక్కతొట్టె ఊడబీకి, పలకల పెట్టె బిగించి,
నిచ్చెనా మూడు బకెట్లూ వేసుకుని
ఊళ్ళో కిటికీలన్నీ తుడిచాను ఏడేళ్ళు.
జనవరిలో బకెట్టు పైన మంచు పెచ్చు కట్టేది.
ఇంజను మీద అరచేతులు కాచుకుని
మళ్ళీ నిచ్చెనెక్కేవాణ్ణి.
ప్రేమ అనుకోలేదు అప్పుడు,
వేడి అనుకున్నాను.

ఎనభై ఒకటో ఏట మొదలుపెట్టాను వెతకడం.
"ఇంత శ్రద్ధగా నీ కళ్ళజోడు ఎప్పుడైనా వెతికావా?"
అంది ఐవీ, కళ్ళజోడు చేతికిస్తూ.

కొన్నవాడు హోరెస్ లమ్, కసాయి కొడుకు. లేడు.
వాళ్ళావిడ ఉంది, చెవులు లేవు.
గట్టిగా అరిస్తే గుర్తుచేసుకుంది:
తోటలో వేసుకునే చెక్కగదికి మార్పిడిగా ఇచ్చాడట,
స్కిప్టన్‌లో ఎవరికో.
స్కిప్టన్‌లో ఒక పేరు చెప్పి బారో పొమ్మన్నారు.
బారోలో ఒక పంతులు దాన్ని నడవలో పెట్టుకుని
పన్నెండేళ్ళు పక్కకి తిరిగి నడిచాడట,
అమ్మాక కూడా అలవాటు పోలేదట.

నంబరు మాత్రం ముందే దొరికింది.
ఎల్.డబ్ల్యూ.వై. 614,
నిద్రలో అడిగినా చెప్తాను,
హారోగేట్‌లో ఒక పళ్ళ డాక్టరు తెల్లకారు మీద.
ఆయన పేరు లూయీ, అక్షరాలు కలిసొచ్చాయని కొన్నాడు.
వంగి చూస్తుంటే అద్దం దించి
ఏమైనా పోగొట్టుకున్నారా అన్నాడు.
అవునన్నాను.
పాపం, దిగి నాతోపాటు నేలంతా వెతికాడు.

రైళ్ళు మూడు, పడవ ఒకటి.
స్ట్రామ్‌నెస్ రేవులో థోరా ఇస్బిస్టర్,
పడవల ఇంజన్లు బాగుచేసే పిల్ల,
చెయ్యి తుడుచుకోకుండానే కరచాలనం చేసింది.
అప్పుడే నచ్చింది.

రంగు వేరు. సీటు వేరు.
నంబరు ఎవరిదో.
నా పలకల పెట్టె ఉన్నచోట
ఎండ్రకాయల బుట్టలు, తడిసిన కుక్క ఒకటి.
నాది కాదేమో అనుకున్నాను, నిజం చెప్పాలంటే
కాకపోతే బాగుండుననీ అనుకున్నాను ఒక్క క్షణం.

"ఒకటి అడగనా," అంది థోరా,
"ట్యాంకు కింద బోల్టుకి
వాషరు బదులు మూడు పెన్నీల బిళ్ళ ఉంది,
పన్నెండంచులది, నడుమ చిల్లు.
ఏ వెధవ పనండీ అది?"

నాదే, అన్నాను.
ఆ వేళ జేబులో అదొక్కటే ఉంది,
రొట్టె మానేశాను.

తియ్యలేదట. తీస్తే ట్యాంకు రొదపెడుతుందట.

తన్నమంది. కాలు ఎత్తాను,
మోకాలు వినలేదు.
ఆమె తన్నింది. రెండో తాపుకి
అది గొంతు సవరించుకుంది,
కుక్క లేచి తన చోట్లో సర్దుకు కూర్చుంది,
రాళ్ళ మీద నల్లగా ఒక చుక్క,
దాని మీద ఇంకొకటి.

"ఎంత బిగించినా అక్కడే కారుతుంది."
"ఎంత బిగించినా," అన్నాను.
అరవై ఏళ్ళ తరవాత ఒక మనిషితో
ఇంత పూర్తిగా ఏకీభవించడం
పెళ్ళిలో కూడా జరగలేదు.

ధర అడగలేదు. ఆమె చెప్పలేదు.
అరచేతులు ఇంజను మీద పెట్టాను
కాలేదాకా.

ఇంటికొచ్చాను.
"దొరికిందా?"
"ఆఁ."
"తేలేదే?"
"పనిలో ఉంది."

చొక్కా, ప్యాంటు, మేజోళ్ళు
ఐవీ మెషీనులో వేసింది.
నల్లమరక పడిన రుమాలు
ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది,
ఏమీ అనలేదు.
దాన్ని మాత్రం వెయ్యలేదు.