కాంటా కిటికీ

మిర్యాలగూడ, అద్దంకి రోడ్డు, రాత్రి పదకొండున్నర.
వడ్ల లారీలు మిల్లు గేటు కాడికెళ్లి పెట్రోల్ బంకు దాక.
కాంటా రూములో నేను రాసిన కిటికీ
తెల్లగ పాలిపోయి ఉన్నది.
ఇస్తారి మౌసును రెండుసార్లు బల్లకు కొట్టి
"సారూ, మీ డబ్బ పలుకుతలేదు" అన్నడు.

తప్పు నాదే.
ఆగకుంట తిరగాల్సిన చక్రాన్ని పిలిచి
కాంటా తీగకు చెవి ఆనించి కూసోమన్న,
అంకె వచ్చేదాక లేవొద్దన్న.
పాపం, కూసున్నది.
ఇస్తారి నొక్కిన నొక్కుడల్లా దాని వెనక వరుస కట్టింది,
బయట లారీల తీరుగనే.

వినే పనిని వేరే దారానికి అప్పజెప్పిన.
చక్రం కదిలింది. ఇంకో పీడ మొదలైంది:
బస్తాల లెక్క చూపే చిన్న కిటికీ
తెరుచుకున్నట్టే తెరుచుకొని మాయం.
గంటసేపు తల గోక్కున్నంక సమజైంది.
దానికి నేను పెట్టిన పేరు ఆ ఫంక్షన్ గడప లోపటిదే.
గడప దాటంగనే పేరు పోయింది,
పేరు ఎంటనే కిటికీ.
ఊడ్చేటోడు ఎత్తుకపోయిండు. వాన్నేమనాలె?
ఇది నాదని ఒక్కరన్న అననిదాన్ని
ఎవడైనా ఊడుస్తడు.

రెండున్నరకు అంతా మూసి, చాయ్ తాగొచ్చి తెరిస్తే
పోర్టు ఖాళీ లేదంటది.
రూముల ఇద్దరమే ఉన్నం. మూడోది ఎవరు?
ఎతికితే దొరికింది:
మూసిన కిటికీ వెనక నా దారం, మేలుకొనే,
చీకట్ల తీగకు చెవిపెట్టి
ఎవరికీ చూపలేని అంకెలు వింటున్నది.
దాన్ని చంపనీకి ఏలు ఆడలే కొద్దిసేపు.

సంగతి చెప్తే ఇస్తారి నవ్విండు.
"లారీ దిగినంక గేటెయ్యాలె గని
గేటేసి లారీని దిగమంటవా?"

గట్లనే తిరగరాసిన.
మూయమంటే ముందుగాల దారానికి చాలని చెప్పుడు,
అది సరే అనేదాక ఆగుడు,
పోర్టు ఇడిసిపెట్టుడు,
ఆఖర్న కిటికీ.

తెల్లారంగ ఆఖరి లారీ, నిడమనూరు వడ్లు, ఎళ్లిపోయింది.
మూద్దామని చూస్తె కిటికీల ఇంకా ఇరవై కిలోలు.
తొంగిచూసినం. ఇనుప పలక మీద
ఒక కుక్క ముడుచుకొని పండింది.
అదిలించబోతే ఇస్తారి చెయ్యి పట్టుకున్నడు.
ఇద్దరం గుమ్మంల కూసున్నం.

ఎండ పడ్డంక అదే లేసి, ఒళ్లు దులుపుకొని పోయింది.
సున్నా.
మూసిన.