ఏదైనా మంచి పుస్తకం చెప్పు

అలా అడక్కు, కోమలవల్లీ.
మంచి పుస్తకమేదంటే ఏం చెప్పను?
అయనావరంలో నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో
ఎవరైనా చెప్పగలరా?
వచ్చేసరికి బిందె చేతిలో ఉండాలి, అంతే.

ముప్పై ఎనిమిదేళ్ళు
రాయపేటలో ఒక ప్రెస్సు వెనక గదిలో
ప్రూఫులు దిద్దినదాన్ని.
నాయిక ఏడుస్తుంటే
ఆ ఏడుపు పక్కన కామా ఉందా లేదా చూసినదాన్ని.
రిటైరైన మొదటి ఏడాదంతా
నవల పట్టుకుంటే చాలు
కుడిచెయ్యి పెన్సిల్ కోసం తడుముకునేది.
అలాంటిదాన్ని పట్టుకుని అడుగుతున్నావు.
సరే, రాసుకో.

మొన్న ఆగస్టులో వచ్చిన నవల ఒకటి.
మెట్రో సొరంగం తవ్వడానికి
పాలకొండ నుంచి వచ్చిన కుర్రాడి కథ.
పైన ఏ వీధో తెలియకుండా
మన ఊరంతా కిందనుంచే నడిచేస్తాడు.
ఓ రాత్రి మేస్త్రీని అడుగుతాడు:
"ఇప్పుడు మనం ఎవరి వంటింటి కింద ఉన్నాం?"
అక్కడ పుస్తకం మూసేసి
మా వంటింట్లో చెప్పుల్లేకుండా
కాసేపు నిలబడ్డాను.
నడుమ ఎనభై పేజీలు జీడిపాకం.
ప్రేమకథ మైదా జిగురుతో అతికించినట్టుంది.
ఓర్చుకో.
ముగింపు చెప్పను, నువ్వెంత గిల్లినా.

ఇంకోటి కథల పుస్తకం.
రాసిన పిల్లకి ముప్పై నిండలేదట.
అన్నిట్లోకీ నర్సు కథ చదవాలి.
తెలుగు మాత్రమే వచ్చిన ముసలాయనకీ
తమిళ డాక్టరుకీ మధ్య నిలబడి
చావు కబురుని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి
గ్లాసులోంచి గ్లాసులోకి కాఫీ తిరగబోసినట్టు
చల్లార్చి చల్లార్చి చెబుతుంది.
రాత్రిపూట వద్దు. నీకసలే బీపీ.

మూడోది భక్తి పుస్తకం.
నవ్వకు.
ధనుర్మాసం నెల్లాళ్ళూ మీ ముగ్గు దాటి
పొంగలి కోసమే వచ్చేదాన్నని
నీకూ తెలుసు, మీ పెరుమాళ్ళకీ తెలుసు.
పరశువాకంలో పాతపేపర్ల కొట్టు ముందు
వానకి ఆగితే దొరికింది.
ముప్పై రెండు పేజీలు. పది రూపాయలు.
రాసినావిడ పట్టమ్మ.
ఊరు లేదు, ఇంటిపేరు లేదు,
ముందుమాట రాసి పొగిడిన పెద్దమనిషి లేడు.
ఆవిడ దేవుడికి ఏ పూటకాపూట లెక్క చెబుతుంది:
పాలు విరిగాయి,
బస్సు ఆపకుండా పోయాడు,
మోకాలు నిన్నటికంటే నయం.
ప్రతి పద్యం చివరా ఒకటే అడుగుతుంది,
"నీ సంగతేమిటి స్వామీ, తిన్నావా?"

తనకోసం అడిగింది ఒక్కసారే.
పదిహేడో పేజీలో.
"భక్తినియ్యవయ్యా" అని ఉండాలి కదా,
"భుక్తినియ్యవయ్యా" అని పడింది.
ఒక్క కొమ్ము ఎక్కువ.
అప్పుతచ్చు!
పాత జబ్బు లేచి కూచుంది.
పెన్సిల్ మొన కాగితానికి ఆనింది కూడా.

విరిగిన ఆ పాలు గుర్తొచ్చాయి.
నెలాఖరేమో ఆ పద్యం రాసేనాటికి.
కంపోజిటర్ చెయ్యి జారిందో,
ఆవిడ నోరే జారిందో,
జారకుండా నిబ్బరంగానే అడిగిందో.
ఎన్ని వేల కొమ్ములు కొట్టేశానో ఈ చేత్తో.
ఎవరి ఆకలినైనా
తప్పని కొట్టేశానా ఎప్పుడైనా?

పెన్సిల్ డబ్బాలో పెట్టేశాను.

ఏదీ, ఏం రాసుకున్నావో చూపించు.
అంతా తమిళంలోనే!
ఇంట్లో పొద్దస్తమానం తెలుగే దంచుతావు,
బడిలో మాత్రం మన అక్షరం దిద్దలేదు నువ్వు.
"భ"కి నీ దగ్గర "ప"యే ఉంది, పాపం.
మరి ఎలా చదువుతావని
ఇంత జాబితా చెప్పాను నీకు!

గురువారం మధ్యాహ్నం రా.
కళ్ళద్దాలు అక్కర్లేదు, సుండలు పట్టుకురా చాలు.
నేను చదువుతాను. నువ్వు కాళ్ళు చాపుకుని విను.
పట్టమ్మతో మొదలెడదాం.
పదిహేడో పేజీలో ఆ కొమ్ము దగ్గర ఆగుతాను.
పలకాలో మింగాలో
నువ్వే చెప్పాలి.