అడుగు

ఏటి మూలమూ ఋషి మూలమూ అడగొద్దని
మనవైపు ఒక మాట ఉంది.
లెయొకాడియా కొండార్కో ఆ మాట వినలేదు.
అడగడానికే ఆమెకి జీతం.

సముద్రానికి పన్నెండు వేల అడుగుల పైన,
బొలీవియా పీఠభూమి మీద,
సరస్సు ఉండాల్సిన చోట
పెళుసుగా విరిగే తెల్లని ఉప్పు పొర.
దాని మీద పక్కకి ఒరిగిన ఎవారిస్తో పడవ.
రాత్రిళ్ళు అందులో కోళ్ళు పడుకుంటాయి.

గొట్టం దింపారు.
నూటపన్నెండు సెంటీమీటర్ల బురద
పొడుగ్గా, చల్లగా,
మురిగిన గుడ్డు వాసనతో పైకొచ్చింది.
"మా తాత వల ఇక్కడే పోయింది.
కనిపిస్తే చెప్పు," అన్నాడు ఎవారిస్తో.
నవ్వలేదు.

ఊళ్ళో, ల్యాబులో,
సెంటీమీటరుకొక బిళ్ళ కోసింది.
ఎండబెట్టింది. నూరింది. ఆమ్లంలో కరిగించింది.
తగరం ఇంత, ఆంటిమొనీ ఇంత,
టైటానియం, జిర్కోనియం, రుబీడియం ఇంతింత అని
యంత్రం తెల్లవార్లూ గొణిగింది.
నూటపన్నెండు వరుసలు, ఇరవైమూడు నిలువులు.

అంకెలు విడివిడిగా నిజమే చెబుతాయి.
ఒకే ఇంట్లో పెడితేనే పేచీ.
అన్నీ నూటిలో వాటాలాయె:
ఉప్పు పెరిగితే సిలికా తగ్గినట్టుంటుంది,
అది ఎక్కడికీ పోకపోయినా.
ఒకే పళ్ళెంలో తింటున్నప్పుడు
పెద్దవాడి చెయ్యి చురుకైతే
చిన్నవాడికి ఆకలి లేదనుకుంటాం.
అందుకని నిష్పత్తులు తీసింది,
నిష్పత్తులకి లాగరిథమ్‌లు కట్టింది,
ఎవరి ఆకలి వాళ్ళకి అప్పజెప్పింది.

ఆ తర్వాత ఇరవైమూడు దిక్కుల గందరగోళాన్ని
రెండు గీతల మీదికి వంచితే
చుక్కలు మెల్లగా మూడు మూలలకి జరిగాయి.
పడమటి అగ్నిపర్వతాల బూడిద, గాలి తెచ్చింది.
తూర్పు కొండల ఎర్రరాయి, ఏరు తెచ్చింది.
మూడోది గని.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
ఇక్కడ నిలకడ అంటే ఏడాదికి అర సెంటీమీటరు.

పై ముప్పై బిళ్ళల్లో గని వాటా
నూటికి ముప్పై ఎనిమిది,
అటూ ఇటూ ఆరు.
ఏ మూలకీ చెందనిది ఇంకో నాలుగు.

పంతొమ్మిదో బిళ్ళ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.
సీసం గడియారం లెక్కన అది డెబ్బై ఎనిమిది.
రాయి పిండి చేసే మర దగ్గర
నాన్న ఇలారియోన్ పనిలో చేరిన ఏడాది.
కనురెప్పలు బూడిదరంగుతో ఇంటికొచ్చేవాడు.
అమ్మ ఆ చొక్కాని రేకుతొట్టిలో పిండి
నీళ్ళు వీధి కాలవలో పారబోసేది.
కాలవ ఏట్లోకి. ఏరు ఇక్కడికి.

అయితే ఈ ముప్పై ఎనిమిదిలో ఒక చొక్కా ఉంది.
ఆ చొక్కా కొన్న బడి బూట్లున్నాయి,
మొదటి లెక్కల పుస్తకం ఉంది,
ఇప్పుడు కూడిక చేస్తున్న ఈ వేళ్ళున్నాయి.
వాటికి నిలువు గియ్యలేదు.
కాసేపు తెర వంక చూసి
పంతొమ్మిదిని అలాగే ఉంచి, ఇరవైకి వెళ్ళింది.

వానాకాలం అయ్యాక
(వాన పేరుకే)
ఫలితాలు పట్టుకుని ఎవారిస్తో ఇంటికెళ్ళింది.
రంగుల బొమ్మ చూపించింది: ఇది బూడిద, ఇది కొండ, ఇది గని.
అతను చాలాసేపు చూశాడు.
మూడు రంగుల మీదా వేలు పెట్టి చూశాడు.
"వచ్చినవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పావు.
నీళ్ళు ఎక్కడికి పోయాయి?"

ఆమె దగ్గర దానికి బిళ్ళ లేదు.
పోయినవి అడుగున పేరుకోవు.

సంచిలోంచి చిన్న గాజుసీసా తీసింది.
నలభై ఒకటో బిళ్ళలో దొరికిన పోగు,
నల్లగా, అంగుళం కూడా లేదు, మధ్యలో ఒక ముడి.
ఆమ్లంలో వెయ్యడానికి మనసొప్పలేదు,
ఏ లెక్కలోనూ చేర్చలేదు.
లోతు చూస్తే తాతగారి కాలానిదే అంది.

ఎవారిస్తో మూత తీసి వాసన చూశాడు.
అరచేతిలో వేసుకుని ఎండకి తిప్పాడు.
"మాది కాదు. మావాళ్ళు ఇలా ముడెయ్యరు."

అయినా తిరిగివ్వలేదు.
సీసాలో వేసి, మూత బిగించి,
జేబులో పెట్టుకుని
కోళ్ళని పడవలోకి తోలడానికి వెళ్ళాడు.