వంటిల్లెక్కడ?

కొండపల్లి కోటలో గైడు మౌలాలి
నర్తనశాల చూపించాడు, ఏనుగుల్ని కట్టేసిన చోటు,
రాణులు జలకాలాడిన తొట్టి.
"దీన్లోకి నీళ్లు కృష్ణ నుంచే మోసేవారంట."

"ఎవరు మోసేవారు?" అంది సైదమ్మ పిన్ని.
గుంటూరు హాస్టల్లో ముప్పయ్యేళ్లు
నాలుగొందల మందికి గంజి వార్చిన మనిషి.
మౌలాలి ఫోను చూసుకున్నాడు.

వంటిల్లు తనే వెతుక్కుంది.
కప్పు లేని గది, గబ్బిలాల కంపు,
మూల ఓ పగిలిన రాయి.
గోడకి అరచెయ్యి రాసి చూసుకుంది:
మసో, ఎండిన నాచో.
"ఇదే. గాలి ఇటు పోతోంది, చూడు."

బురుజు మీంచి
ఎండకి సన్నగిల్లిన కృష్ణ,
థర్మల్ గొట్టాల పొగ.

దిగేటప్పుడు మోకాళ్లు పట్టుకుని
మెట్టు మెట్టుకీ ఆగింది.
నీళ్ల సీసా మాత్రం
నా చేతికివ్వలేదు.