అంచు బల్లలు

కూలగొట్టేముందు కొలవాలె. అది నా నౌకరి.
టేపు ఒక కొస నేను పట్టిన,
రెండో కొస మొండయ్య పట్టిండు.
పొడుగు తొంభై రెండు అడుగులు,
వెడల్పు ముప్ఫై ఒకటిన్నర,
గోడ మందం మూరెడు, డంగుసున్నం.
కొలతల పుస్తకంల గడులు ఇంతవరకే.

బెల్లంపల్లి, పాత ఐదో బాయి క్యాంటీను.
సముద్రం ఇక్కడికి ఒక రాత్రి రైలంత దూరం.
అయినా కిటికీలు గుండ్రంగ ఉన్నయి.

బర్ల గట్టయ్య పదకొండేండ్లు
విశాఖపట్నం నేవీ మెస్సుల గంటె తిప్పి
ఉప్పుగాలికి మోకాళ్లు పట్టేసి వాపసొచ్చినోడు.
ఇంజనీరు సారు బల్ల మీద ప్లాను పరిస్తే
వేలుతోని కాదు, గంటెతోని చూపెట్టిండట:
"ఇక్కడొక తల్పు, అక్కడొక తల్పు.
బాయి దిగేటోడు, ఎక్కొచ్చినోడు
ఒక్క గడపల గుద్దుకోవద్దు."
అందుకే తూర్పు దర్వాజ ఇంకా తెల్లగున్నది.
పడమటిది భుజాలెత్తు దాక నలుపు,
నాలుగు సార్లు గీకినా సున్నం నిలువలే.

పాడైన గాలిపంక ఇనుప చుట్లే
కిటికీ చట్రాలైనయి.
వాటి చుట్టూ ఇటుక తిప్పింది ఓదెలు మేస్త్రి,
మొండయ్య తండ్రి.
పైన దూలాలు టబ్బులు నడిచిన పాత పట్టాలు.
ఒకదాని మీద ఏదో ఊరి పేరు పోత పోసి ఉన్నది,
సగం తుప్పు తిన్నది, సగం చదవొస్తలేదు.

ఇగ బల్లలు.
పద్నాలుగు. షాబాద్ బండ, ఇటుక కాళ్లు,
చుట్టూ వేలెడెత్తు టేకు అంచు.
"ఏందన్నా, ఇది ఓడనా?
బెల్లంపల్లి ఒరుగుతదా?" అని నవ్విండ్రు.
గట్టయ్య జవాబియ్యలే. ఉల్లిగడ్డ కోస్తున్నడు.

తెరిచిన నాడు, రెండో షిఫ్టు,
కింద మందు పేలింది.
నూట నలభై చాయ గ్లాసులు
ఒక్కపారి జరిగి
అంచుకు తాకి ఆగినయి.
ఒక్క చుక్క ఒలకలే.
అప్పుడు తలెత్తి
"ఇంకో గిన్నె పాలు పెట్టుండ్రి" అన్నడట, అంతే.

పడమటి దర్వాజ పక్కన మొలల పలక.
దిగేటోడు ఇత్తడి బిళ్ల తగిలిస్తడు,
ఎక్కొచ్చి బిళ్ల తీసి అన్నం తింటడు.
సారక్క ఒక్కతే లెక్క.
అక్షరం రాదు, ఏ మొల ఎవ్వనిదో నోటికొచ్చు.

ఒక వానకాలం రాత్రి నాలుగు బిళ్లలు మిగిలినయి.
పొయ్యి ఆర్పలే గట్టయ్య.
తెల్లారుతుంటే నాలుగో బిళ్లోడు, కొమురయ్య,
తూర్పు దర్వాజల నిలబడ్డడు,
అంగీ మీద మసి చుక్క లేదు.
మస్టరు పడి, బిళ్ల తగిలించి,
సిన్మాకు పోయిండట.
కొట్టేటోడు లేడు, తిట్టేటోడు లేడు.
సారక్క పళ్లెం పెట్టింది.
ఆనాటి సంది రిటైరయ్యేదాక
ఆ మనిషి నిలబడే తిన్నడు.

మూడు బిళ్లలు మొలలకే ఉన్నయి.
రంగులేసినోళ్లు ప్రతిసారి
వాటి చుట్టూతనే బ్రష్ తిప్పిండ్రు.
ఐదు రంగుల అంచులు లెక్కపెట్టిన నేను.
వీటిని తుక్కు కింద రాయాలెనా,
సామాను కింద రాయాలెనా?
పెన్ను గడి మీద శానసేపు ఆగింది.
ఆఖరికి పలక నిలువు, అడ్డం మాత్రం రాసిన.

క్యాంటీను కింద సుత బొగ్గున్నదట.
ఓపెన్‌కాస్టు గట్టు ఇప్పటికే
వంటింటి కిటికీల నుంచి కనవడ్తది,
గుండ్రంగ కోసిన రొట్టె లెక్క.

"టేకు అంచు ఎంతైంది సారూ?"
పద్నాలుగు బల్లలు, ఒక్కోటి ఇరువై తొమ్మిది.
"నాలుగు వందల ఆరు అడుగులు."
"ఒక్క మూర ముక్క ఇస్తవా?"
"ఏం జేస్తవ్ మొండయ్యా?"
"ఏం లేదు. వాళ్లు పేల్చినప్పుడల్లా
మా ఇంట్ల అర్ర మీది గ్లాసులు పడ్తున్నయి."

నాలుగు వందల నాలుగున్నర అని రాసి
సంతకం పెట్టిన.