ట వత్తు

శుక్రవారం నమాజు జనం చెదిరాక
జిలీబ్ హసావిలో, బకాలా పైన మూడో అంతస్తు గదిలో
పలకలు పంచేవాణ్ణి.
నిజం పలకలే. తెనాలి నుంచి వస్తూ
మా ఆవిడ తిట్లతో సహా మోసుకొచ్చినవి.

పదకొండు మంచాలు, ఒకదాని మీద ఒకటి.
కింద ఏసుపాదం, పైనుంచి కాళ్లు వేలాడేసి ఖాదర్ వలి,
తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోటే
ఎప్పుడూ పోశెట్టి.

వేలిముద్రలు మానండి, అన్నాను మొదటి రోజే.
ఎవరో ఫోటో తీస్తున్నారని తెలిసి
గొంతు కాస్త పెంచే అన్నాను:
మనిషన్నాక ఒక సంతకం ఉండాలి.
"నిశాని పెడితే ఏమైతది సారూ?
అది మాత్రం నా ఏలు కాదా?"
నవ్వాను. జవాబు చెప్పలేదు.

పేరు పట్టుబడేసరికి నాలుగు నెలలు.
పకు ఓత్వం లొంగింది, శకు ఎత్వం లొంగింది,
ట నెత్తిన గుడి కూడా కుదిరింది.
కింద వత్తు దగ్గరే చెయ్యి జారేది.
పగలంతా ఇనప కడ్డీలు వంచే చెయ్యి,
అంత చిన్న మలుపులో ఆగడం దానికి రాదు.
ఒక శుక్రవారం వచ్చేసింది.
తెలుగు ముక్క రాని బంగ్లా కుర్రాడు రఫీకుల్
అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.
బియ్యం బస్తా మీద, రైస్ కుక్కర్ మీద,
గోడ క్యాలెండర్లో ప్రతి శుక్రవారం గడిలో
పోశెట్టి, పోశెట్టి, పోశెట్టి.
ఆ రాత్రి సాల్మియాకి కారు నడుపుతూ ఈల వేశాను,
లోకానికేదో బాకీ తీర్చినవాడిలా.

మిగతా అయిదు రోజులూ నాది బీమా ఆఫీసు.
మా దగ్గరొక పట్టిక ఉంటుంది:
ఏ వేలికి ఎంత శాతం, ఏ కణుపు దాకా పోతే ఎంత.
పదకొండేళ్లు టీ తాగుతూ చదివాను దాన్ని.

తూజు లేచిన రోజు. కిటికీ బయట సముద్రం లేదు.
ఫైలు తెరిస్తే
కుడి చెయ్యి. చూపుడు వేలు, మధ్య వేలు. రెండో కణుపు దాకా.
కడ్డీలు కోసే మిషను.
కింద మందూబ్ అరబ్బీ గీతలు, వాటి పక్కన తెలుగు:
పోశెటి.

వత్తు లేదు.
పాత కాగితంలో ఉంది, ఇందులో లేదు.
పైన ఎర్రసిరా స్టాంపు ముందే పడి ఉంది:
సంతకం సరిపోలలేదు, తిప్పి పంపండి.
రెండేళ్ల కిందట, పని తేలికవుతుందని
ఆ స్టాంపు చేయించింది నేనే.
ఎన్నిసార్లు కొట్టి ఉంటానో లెక్క కట్టబోయి
మానేశాను. నాకు లెక్కలొచ్చు, అదే భయం.

మళ్లీ శుక్రవారం వెళ్లాను.
కట్టు కట్టిన చేతిని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నవాడు
తప్పు తనదే అయినట్టు లేచి నిలబడ్డాడు.
"వత్తు వెయ్యరాలే సారూ. బొటనేలు మంచిగనే ఉండె.
నిశాని పెడ్తనంటే మందూబ్ వద్దన్నడు,
నీకు సంతకం వచ్చు గదా అని."

ఆ ఫైలు మీద నా చేత్తో ఒక్క లైను రాశాను:
ఈ చెయ్యి నాకు తెలుసు.
పై అధికారి, లెబనాన్ మనిషి, కళ్లజోడు ఎత్తి
ఇది ఏ రూలు కిందికొస్తుందని అడిగాడు.
ఇంకా తేలలేదు. ఫైలు కదులుతోంది, ఆగుతోంది.

ఇప్పుడూ పలకలు పట్టుకునే వెళుతున్నాను.
సంచిలో ఊదారంగు ఇంకు ప్యాడు కూడా ఉంటోంది.
రెండూ ఉంచుకోండి, అంటాను, గొంతు పెంచకుండా.
తలుపు దగ్గర చెప్పుల పక్కన కూర్చుంటాను.
అక్కడికి ఏసీ గాలి అందదు,
ఇన్నాళ్లూ తెలీలేదు.

పోశెట్టి ఎడమ చేత్తో మొదలుపెట్టాడు.
ఇంకా ప దగ్గరే ఉన్నాడు.