మూడో గేరులో దగ్గు

నాలుగు మేకల బాకీ కింద
లువ్సాన్ నాకు అంటగట్టిన శవం ఇది.
ఎర్ర ప్లానెటా.
ఎరుపు ఎక్కడుందో గోటితో గీకి వెతుక్కోవాలి.
తొమ్మిది చలికాలాలు వాళ్ళ గొర్రెల దొడ్డి వెనక
మంచు దీన్ని కప్పింది, విప్పింది, మళ్ళీ కప్పింది.
సీటులో స్పాంజిని ఏ కుక్కపిల్లలో పీక్కుపోయాయి.
పగిలిన అద్దంలో
ఆకాశం మాత్రం తుప్పు పట్టలేదు.

"బండి కాదు గెరెల్, గుర్రం" అన్నాడు ఇచ్చేటప్పుడు.
చచ్చినోడి కళ్ళు చారెడు.

మొదటి రోజు ఏమీ విప్పలేదు.
చుట్టూ రెండుసార్లు తిరిగి
ఉప్పు టీ కాచుకు తాగాను.

సైలెన్సర్లో ఎలుక కాపురం చేసి వెళ్ళిపోయింది.
ఉన్ని, గడ్డిపరకలు,
లువ్సాన్ కూతురి లెక్కల కాగితం ముక్క.
దానిమీద టీచరు ఎర్రసిరాతో కొట్టేసిన తప్పు
ఇంకా తప్పుగానే ఉంది.

పిస్టన్ బిగుసుకుపోయింది.
ప్లగ్గు తీసి ఆ కంతలో డీజిల్ పోసి
మూడు రాత్రులు దాని మానాన దాన్ని వదిలేశాను.
నాలుగోనాడు గేరులో వేసి
వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ,
ముందుకీ వెనక్కీ,
మొండి దూడని తల్లి దగ్గరికి నెట్టినట్టు.
సాయంత్రానికి
వెంట్రుకవాసి కదిలింది.
అరిచాను. మేకలు బెదిరాయి.

టాంకు నిండా తుప్పు.
పెరుగు పిండగా మిగిలిన పులిసిన నీళ్ళు,
ఓంగీ నదిలోంచి ఏరిన గులకరాళ్ళు పోసి మూత బిగిస్తే
మా నోమిన్ దాన్ని వాలు మీద
రోజంతా దొర్లించి ఆడుకుంది.
వంచితే ముదురు టీ రంగు.
మళ్ళీ పోశాం. లేత టీ.
మళ్ళీ.

కార్బొరేటర్ జెట్టులో సూది దూరదు.
గుర్రం తోకలో ఒక వెంట్రుక పీకి దూర్చాను.
ఆ గుర్రం లువ్సాన్‌ది.
రోజూ పొద్దువాలే వేళకి వస్తాడు,
దిగడు.
"ఎడమకి తిప్పు" అంటాడు జీనుమీంచే.
"నువ్వే దిగి తిప్పు" అంటే
"నాది కాదుగా ఇప్పుడు" అంటాడు.

సోలార్ పలక కింది బాటరీ ఊడబీకి తెచ్చాను.
ఆ రాత్రి గుడారంలో టీవీ లేదు, దీపం లేదు,
నాతో మాట్లాడే మనిషి లేదు.

తన్నాను.
తన్నాను.
చెప్పు తెగితే బూటు తొడుక్కుని తన్నాను.
ఒక్క నీలిపొగ ఉమ్మి ఊరుకుంది.

ఆ తర్వాత బతికింది గానీ అదేం బతుకు.
తుమ్మడం, ఈడ్వడం,
ఎత్తు కనిపిస్తే ప్రాణం పోయినట్టు ఆగడం.
అర్వైహేర్ సంతకి పోయి
క్రాంక్ సీలు తెచ్చుకున్నాను
జున్నుగడ్డల సంచీ ఇచ్చి.
కార్బొరేటర్ సూదిని ఒక్క మెట్టు దించాను.
స్క్రూ పావు వంతు, అందులో సగం,
ఇంకా ఆ సగంలో సగం.
అప్పుడు వినిపించింది
పెద్ద మూకుడులో పాలు
అడుగంటకుండా మరిగే చప్పుడు.

కొండ చుట్టివచ్చి ఆపకుండానే నిలబెట్టాను.
లువ్సాన్ గుర్రం దిగాడు.
జబ్బు గొర్రె డొక్కకి చెవి ఆనించినట్టు
తల వాల్చి విన్నాడు. చాలాసేపు.
"మూడో గేరులో దగ్గేది కదా" అన్నాడు.

"దగ్గేది. బాగు చేశాను."

"ఆ కొండ అవతల ఉండగానే మా ఆవిడకి వినబడేది.
దగ్గు వినగానే
పొయ్యిలో ఇంకో పిడక వేసేది."

ఏ స్క్రూ ఎటు తిప్పితే ఆ దగ్గు వస్తుందో
నాకు తెలుసు.
స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది.
చేతిలోనే ఉంచుకున్నాను.

"ఎక్కు" అన్నాను.
స్పాంజి లేని సీటుమీద పాత కోటు మడిచి వేశాను.
ఎవరో కొత్తవాళ్ళనుకుని
మా కుక్కే మావెంట పడి మొరిగింది.
ఒకటి. రెండు.
గడ్డి మీద గాలి ఎదురొచ్చింది.
మూడో గేరు వేశాను.

వెనక నుంచి
లువ్సాన్ దగ్గాడు.